థైరాయిడ్ మాత్ర మానేస్తే కాండిడా పోదు!

మాత్ర వేసుకుంటున్నా నీరసం తగ్గడం లేదా? కడుపు ఉబ్బరం, నాలుక మీద తెల్లపూత, దురద... వీటన్నిటికీ కలిపి ‘కాండిడా’ అని ఎవరైనా పేరు పెట్టారా? థైరాయిడ్ సీసా పక్కన పెట్టేయకముందే ఇది చదవండి.

కిందటి వేసవిలో రాజమండ్రి వెళ్లినప్పుడు మా వదినని చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. మొహం ఉబ్బిపోయింది. కళ్లకింద సంచులు దిగాయి. గొంతు బొంగురుపోయింది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే ఆవిడ మాత్రం ఫ్యాన్ తగ్గించమంటోంది! పదకొండేళ్లుగా థైరాయిడ్ మాత్ర మీద ఉన్న మనిషి.

“మాత్ర వేసుకుంటున్నావా వదినా?” అనడిగాను.

“మానేసి రెండున్నర నెలలైందమ్మా. నా అసలు జబ్బు థైరాయిడ్ కాదంట. పేగుల్లో కాండిడా పెరిగిపోయిందంట. అది పోతే థైరాయిడ్ దానంతటదే సర్దుకుంటుందంట” అంది.

ఎవరు చెప్పారని అడగలేదు. ఫోనే చెప్పి ఉంటుంది. పొద్దున్నే గ్లాసుడు నీళ్లలో ఉమ్మి చూసుకుందట. ఉమ్మి దారాల్లా కిందికి దిగితే కాండిడా ఉన్నట్టేనని ఆ వీడియోలో చెప్పారట. ఎవరి ఉమ్మైనా కాసేపటికి అలా దిగొచ్చు. ఆ పరీక్షకి వైద్యంలో ఏ విలువా లేదు. కానీ ఆవిడకి కావాల్సిన రుజువు దొరికిపోయింది. వంటింటి అలమరలో ఆపిల్ సైడర్ వెనిగర్, ఇసబ్‌గోల్, బొగ్గు మాత్రలు, జుట్టుకని బయోటిన్, ప్రోబయోటిక్ డబ్బా వరసగా నిలబడి ఉన్నాయి. థైరాయిడ్ సీసా ఒక్కటే లేదు.

నవ్వడానికి లేదు. ఎందుకంటే మా వదినకి ఈస్ట్ ఇన్ఫెక్షన్ నిజంగానే ఉంది. ఆరు నెలల్లో మూడుసార్లు దురద, విరిగిన పాలలా తెల్లబట్ట. మొహమాటంతో ఇంట్లో కూడా చెప్పుకోలేదు. మందుల షాపులో అడిగి ఏదో క్రీమ్ తెచ్చుకుంది, తగ్గింది, మళ్లీ వచ్చింది. చెప్పుకోలేని బాధకి ఎవరైనా ఇరవై నిమిషాలు ఓపిగ్గా కూర్చుని కారణం చెప్తే నమ్మేస్తాం. డాక్టర్ దగ్గర అంత టైమ్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి!

ఒకే లక్షణాలు, రెండు పేర్లు

కాండిడా అంటే ఈస్ట్ జాతి ఫంగస్. ఆరోగ్యంగా ఉన్న చాలామంది నోట్లో, పేగుల్లో, యోనిలో అది ఏ గొడవా చెయ్యకుండా కాపురం ఉంటుంది. మల పరీక్ష రిపోర్టులో ఈస్ట్ కణాలు కనిపించినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. గొడవ చేసినప్పుడు అది కనిపిస్తుంది, డాక్టర్ కళ్లకి దొరుకుతుంది: నోట్లో గీకితే ఊడొచ్చే తెల్లపూత, యోనిలో దురద, చర్మం మడతల్లో ఎర్రగా ఒరుసుకుపోవడం. ఐసీయూలో ఉన్నవాళ్లకి రక్తంలోకి పాకే కాండిడా వేరే సంగతి, అది ప్రాణాల మీదికి తెస్తుంది. నడుచుకుంటూ వెళ్లి కూరలు కొనుక్కొచ్చే మనిషికి వచ్చేది అది కాదు.

మరి ‘ఒళ్లంతా కాండిడా’ అన్న మాట ఎక్కడిది? అమెరికాలో విలియం క్రూక్ అనే డాక్టర్ 1983లో ‘ది ఈస్ట్ కనెక్షన్’ అని ఒక పుస్తకం రాశాడు. నీరసం, తలనొప్పి, ఉబ్బరం, దిగులు, మతిమరుపు... ఇలాంటి వాటన్నిటి వెనకా ఈస్ట్ ఉందన్నాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. దాన్ని తేల్చుకోడానికి అలబామాలో కొందరు డాక్టర్లు ఆ లక్షణాలున్న 42 మంది ఆడవాళ్ల మీద పరీక్ష చేసి 1990లో ప్రచురించారు. కొన్నాళ్లు ఈస్ట్‌ని చంపే నిస్టాటిన్, కొన్నాళ్లు మందే లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏది ఎప్పుడిచ్చారో వాళ్లకి తెలియదు. యోని దురద నిస్టాటిన్‌కి తగ్గింది. నీరసం, దిగులు లాంటివి మాత్రం ఉత్తుత్తి మాత్రకి ఎంత తగ్గాయో నిస్టాటిన్‌కీ అంతే తగ్గాయి.

ఇప్పుడు ఆ లిస్టు మళ్లీ చదవండి. నీరసం, ఉబ్బరం, మలబద్ధకం, మతిమరుపు, దిగులు, బరువు, చర్మం పొడిబారడం. థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు వచ్చేవీ ఇవే కదా! అందుకే థైరాయిడ్ ఉన్నవాళ్లకి ఆ వీడియోలు తమ కోసమే తీసినట్టు ఉంటాయి. మాత్ర డోసు చాలక వచ్చిన నీరసానికి కాండిడా అని పేరు పెట్టుకుని, ఆ మాత్రనే మానేస్తే ఇక చెప్పేదేముంది!

పైగా మానేసిన మొదటి వారం ఏమీ కాదు. అక్కడే మోసపోతాం. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే మొదట్లో ‘మానేసినా బాగానే ఉన్నాను’ అనిపిస్తుంది. తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కటే మూసుకొస్తాయి. హార్మోన్ తయారుచేసే గ్రంథి దెబ్బతిన్నాక బయటినుంచి ఇవ్వడం తప్ప మార్గం లేదు. 1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రే అనే డాక్టర్ ఒళ్లంతా వాచిపోయిన ఒకావిడకి గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించాడు. ఆవిడ ఆ మందు మీదే ఇంకో 28 ఏళ్లు బతికింది. మన మాత్ర చేసే పనీ అదే, కాకపోతే గొర్రె అక్కర్లేదు.

మాత్ర ఒంటికి పట్టనివ్వని సామాన్లు

వదిన అలమరలో చూసిన సామాన్ల గురించి విడిగా చెప్పాలి. ఒకవేళ ఆవిడ మాత్ర మానకుండా అవి వాడి ఉన్నా కూడా చిక్కే. ఇసబ్‌గోల్, బొగ్గు మాత్రలు పేగుల్లో థైరాక్సిన్‌ని పట్టేసుకుని రక్తంలోకి వెళ్లనివ్వవు. కాల్షియం, ఐరన్, ఇవి కలిసిన మల్టీ విటమిన్లు, అసిడిటీకి తాగే యాంటాసిడ్లు కూడా అంతే. వీటికీ థైరాయిడ్ మాత్రకీ నాలుగు గంటల ఎడం ఉండాలి. రోజూ పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర కూడా కడుపులో ఆమ్లం తగ్గించి కొందరిలో డోసు చాలకుండా చేస్తుంది. డోసు పెంచుతున్నా టీఎస్‌హెచ్ దిగకపోతే ఇవన్నీ డాక్టర్‌కి చెప్పండి. గోధుమ పడని సీలియాక్ జబ్బు, కడుపులో హెచ్ పైలోరీ బాక్టీరియా కూడా ఇలాగే అడ్డుపడతాయి. ఉబ్బరానికి అసలు కారణం అక్కడే దొరకొచ్చు.

బయోటిన్ ఇంకో రకం దొంగ. అది మాత్రని ఏమీ చెయ్యదు, రిపోర్టుని మార్చేస్తుంది! చాలా ల్యాబుల పరీక్ష పద్ధతిలో బయోటిన్ ఎక్కువుంటే టీఎస్‌హెచ్ తక్కువగానూ, టీ4 ఎక్కువగానూ తప్పు చూపిస్తుంది. ఆ కాగితం చూసి డోసు తగ్గిస్తే మనిషి ఇంకా నీరసించిపోతుంది. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపాలి. ‘థైరాయిడ్ సపోర్ట్’ అని అమ్మే డబ్బాల్లో సముద్రపు నాచు అయోడిన్, అశ్వగంధ ఉంటాయి. అవీ లెక్కలు తారుమారు చేస్తాయి.

ఇక కాఫీ. మన ఇళ్లలో మంచం దిగగానే కాఫీ పడాలి, దానితోపాటే మాత్ర కూడా! పాలతో, కాఫీతో వేసుకుంటే మాత్ర సరిగ్గా పట్టదు. మామూలు నీళ్లతో వేసుకుని అరగంట, వీలైతే గంట ఆగండి. ఆగలేనివాళ్లకి ఇంకో దారి ఉంది. రాత్రి భోజనమైన మూడు గంటలకి, పడుకునే ముందు వేసుకోవచ్చు. ఏ టైమైనా రోజూ ఒకటే ఉండాలి. ఉపవాసం రోజున నీళ్లు కూడా ముట్టననే పట్టుదల ఉంటే డాక్టర్‌ని ముందే అడగండి. మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, వారానికోసారి లెక్క చూసుకోండి. సీసా పొయ్యి పక్కన, గట్టు మీద పెట్టకండి. వేడీ చెమ్మా దానికి పడవు.

డోసు మార్చినా, కంపెనీ మార్చినా ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. అంతకుముందు చూస్తే అంకె నిలబడదు. నీరసంగా ఉందని ఒక మాత్ర ఎక్కువ వేసుకోవడం మాత్రం వద్దు. గుండె దడ పుడుతుంది, పెద్ద వయసులో గుండె లయ తప్పుతుంది, ఎముకలు పల్చబడతాయి.

దురద మళ్లీమళ్లీ ఎందుకొస్తోంది?

మా వదినని మర్నాడే తీసుకెళ్లి రక్తం ఇప్పించాం. టీఎస్‌హెచ్ అరవై దాటింది. అది అనుకున్నదే. అనుకోనిది ఇంకోటి: హెచ్‌బీఏ1సీ 9.1! షుగర్ ఉన్నట్టు ఎవరికీ తెలియదు. చివరిసారి ఎప్పుడు చూపించుకుందో ఆవిడకే గుర్తు లేదు. ఈస్ట్‌కి కారణం అదే. రక్తంలో చక్కెర పెరిగితే దానికి మేత దొరికినట్టే. ఆ ‘కాండిడా డైట్’లో ఆవిడ పంచదార మానేసింది. అలా అనుకోకుండా చేసిన మంచి పని అదొక్కటే. కానీ రెండున్నర నెలలు షుగర్‌కి మందు లేకుండా పోయింది.

ఏడాదిలో మూడు నాలుగుసార్లు వస్తే క్రీములు మారుస్తూ కూర్చోకుండా కారణం వెతకాలి. షుగర్ చూపించుకోవాలి. ఈ మధ్య యాంటీబయాటిక్ కోర్సులు వాడారా? కీళ్లకో, ఆయాసానికో స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారా? ఆయాసానికి పంపు పీలుస్తున్నవాళ్లు ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. కట్టుడు పళ్లు రాత్రి తీసి కడిగి పెట్టాలి. షుగర్ ముందే ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందులు చక్కెరని మూత్రంలోకి పంపేస్తాయి. మంచి మందులే, గుండెకీ కిడ్నీకీ మేలు చేస్తాయి. కాకపోతే వాటివల్ల కింద ఈస్ట్ దురద రావడం మామూలే. కొత్త మందు మొదలుపెట్టాక దురద మొదలైతే సిగ్గుపడకుండా ఆ మాట డాక్టర్‌కి చెప్పండి.

ప్రతి తెల్లబట్టా ఈస్ట్ కాదు. బాక్టీరియా వల్ల, ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి వల్ల కూడా వస్తుంది, వాటి మందులు వేరు. నమూనా తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే నిమిషాల్లో తెలుస్తుంది. అలాగే ప్రతి తెల్ల నాలుకా ఈస్ట్ కాదు. నాలుక మంట, పెదాల మూలలు పగలడం ఐరన్, బీ12 తక్కువైనా వస్తాయి. థైరాయిడ్ మన రోగనిరోధక శక్తే దాడి చేసి పాడైనవాళ్లలో బీ12 లోటు ఎక్కువే. మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడినా అది తగ్గుతుంది.

ఈస్ట్ అని తేలితే మందు సులువు. క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునే మాత్రలు, లేదా ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. థైరాయిడ్ మాత్రకీ వీటికీ పేచీ లేదు, దేన్నీ ఆపనక్కర్లేదు. ఫ్లూకోనజోల్‌కి పేచీ వేరేవాటితో ఉంది: షుగర్‌కి వాడే గ్లిమిపిరైడ్‌తో కలిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు, రక్తం పల్చబరిచే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం కావొచ్చు. గర్భిణులకి నోటి మాత్ర వద్దు, పైన వాడేవే ఇస్తారు. గర్భం అని తెలిసిన వెంటనే థైరాయిడ్ డోసు కూడా పెంచాల్సి ఉంటుంది, మొదటి చెకప్ దాకా ఆగకండి. మందుల షాపులో ‘దురదకి’ అని అడిగితే ఇచ్చే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. నాలుగు రోజులు హాయిగా ఉండి, ఫంగస్ ఇంకా పెరుగుతుంది. మా వదిన రాసుకున్నది అదే.

పెరుగు? నిక్షేపంగా తినండి. మందు అనుకుని మాత్రం కాదు.

ఒక్క విషయం దాటేస్తే తప్పవుతుంది. కాండిడా, గ్రంథుల జబ్బులు నిజంగానే ఒకే వేరునుంచి వచ్చే అరుదైన వంశపారంపర్య జబ్బు ఒకటుంది. ఎయిర్ అనే జన్యువులో లోపం వల్ల వస్తుంది. చిన్నప్పటినుంచీ నోట్లో తెల్లపూత పోదు, తర్వాత కాల్షియం పడిపోతుంది, అడ్రినల్ గ్రంథులు దెబ్బతింటాయి. కొందరికి థైరాయిడ్ కూడా. అడ్రినల్ లోటు ఉన్నవాళ్లకి దాన్ని సరిచెయ్యకుండా థైరాక్సిన్ మొదలుపెడితే ప్రమాదం. పిల్లల్లో తెల్లపూత ఏళ్లతరబడి వదలకపోయినా, థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాక నీరసం, వాంతులు, కళ్లు తిరగడం పెరిగినా హార్మోన్ల డాక్టర్‌కి చూపించాలి.

వదినకి పాత డోసే మళ్లీ మొదలుపెట్టారు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఇచ్చారు, ఆరు రోజులు క్లోట్రిమజోల్. రెండు నెలలకి టీఎస్‌హెచ్ ఆరుకి దిగింది, షుగరూ దారిలో పడింది. దురద తిరిగి రాలేదు. కాఫీ దగ్గర మాత్రం రాజీ పడలేదావిడ. మాత్రని రాత్రి పదింటికి మార్చుకుంది, అన్నం ఏడింటికల్లా తినేస్తోంది. మొన్న ఫోన్ చేసి, “కాల్షియం మాత్ర మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకుంటున్నా, ఎడం సరిపోతుందా?” అనడిగింది.

సరిపోతుందన్నాను.