ఉప ముఖ్యమంత్రి చేతిలో ఉండేదేమిటి?

తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట వైపు తెలుగు ఇళ్ళలో టీవీ పెడితే రెండు ప్రభుత్వాల వార్తలూ వినబడతాయి. 2024లో ఆ ఇళ్ళవాళ్ళు మూడున్నర నెలల్లో ఇద్దరు కొత్త ఉప ముఖ్యమంత్రులను చూశారు. జూన్‌లో సరిహద్దుకు అవతల పవన్ కల్యాణ్, సెప్టెంబర్ 28న ఇవతల ఉదయనిధి స్టాలిన్. ఆంధ్రా చానల్లో ‘డిప్యూటీ సీఎం’, తమిళ చానల్లో ‘తుణై ముదల్వర్’. జనం అడిగే ప్రశ్నలు మాత్రం రెండు వైపులా ఒకటే. ముఖ్యమంత్రి తర్వాత ఆయనేనా? పెద్దాయన ఊళ్ళో లేకపోతే సంతకం ఈయన పెడతాడా? పెద్దాయనకేమన్నా అయితే కుర్చీ ఈయనదేనా?

రాజ్యాంగం తెరిచి చూస్తే ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. అక్కడ ఆ పదవే లేదు. ముఖ్యమంత్రి నాయకత్వంలో మంత్రిమండలి ఉంటుందని 163వ అధికరణ చెబుతుంది. ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారనీ, మిగతా మంత్రులను ముఖ్యమంత్రి సలహా మీద నియమిస్తారనీ 164 చెబుతుంది. కేంద్రానికి 74, 75 అధికరణలదీ ఇదే వరస. అందులో ప్రధాని ఉన్నారు, ఉప ప్రధాని లేరు.

ఈ సంగతి ఒకసారి నిండు సభలో బయటపడింది. 1989 డిసెంబర్ 2న రాష్ట్రపతి భవన్‌లో వి.పి. సింగ్ మంత్రివర్గం ప్రమాణం చేస్తోంది. రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ ‘మంత్రిగా’ అని చదివించారు. దేవీలాల్ ‘ఉప ప్రధాన మంత్రిగా’ అన్నారు. రాష్ట్రపతి సరిదిద్దినా ఆయన తన మాటే మళ్ళీ పలికారు. ఆ ప్రమాణం చెల్లదంటూ కేసు పడింది. ఆ బిరుదు కేవలం వర్ణన, దానివల్ల ప్రధాని అధికారాలేవీ ఆయనకు రావు, అన్ని విధాలా ఆయన ఒక మంత్రే అని ప్రభుత్వం తరఫున చెప్పారు. సుప్రీంకోర్టు ఆ మాట నమోదు చేసుకుని ప్రమాణం చెల్లుతుందంది. 2024 ఫిబ్రవరిలో ఉప ముఖ్యమంత్రుల నియామకాలనే సవాలు చేస్తూ మరో పిటిషన్ వచ్చింది. అది ఒక పేరు మాత్రమేననీ, రాజ్యాంగాన్ని ఉల్లంఘించడం లేదనీ చెప్పి దాన్నీ కొట్టేసింది. ఉదయనిధి విషయమే చూడండి. 2022 డిసెంబర్ నుంచే ఆయన మంత్రి. ఉప ముఖ్యమంత్రి అయినప్పుడు కొత్తగా ప్రమాణం చేయాల్సిన పని పడలేదు. 2003 నాటి 91వ సవరణ మంత్రుల సంఖ్యకు పెట్టిన 15 శాతం హద్దులోనే ఉప ముఖ్యమంత్రులూ లెక్కకు వస్తారు. 234 మంది సభ్యులున్న తమిళనాడు శాసనసభకు ముఖ్యమంత్రితో కలిపి 35 మందికి మించకూడదు.

ఇక్కడ తిరుత్తణి వాళ్ళకు ఒక సందేహం రావడం సహజం. తమ ఊళ్ళో 1888 సెప్టెంబర్ 5న పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ దేశపు తొలి ఉపరాష్ట్రపతి కదా, అది కూడా ఇలాంటి పేరేనా అని. కాదు. ఉపరాష్ట్రపతి పదవిని 63వ అధికరణ సృష్టించింది. దానికి ఎన్నిక ఉంది, అయిదేళ్ళ గడువు ఉంది. ప్రధానికి కోపం వస్తే తీసేయడానికి వీల్లేదు. రాష్ట్రపతి లేనప్పుడు ఆ బాధ్యతలు ఎవరివో 65వ అధికరణ ముందే రాసిపెట్టింది. 1961లో రాజేంద్రప్రసాద్ జబ్బుపడితే రాధాకృష్ణన్ నెలల తరబడి రాష్ట్రపతి పనులు చూశారు. ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. ఉప ముఖ్యమంత్రికి ఈ రక్షణల్లో ఒక్కటీ లేదు. ముఖ్యమంత్రి ఇస్తే ఉంటుంది, వద్దనుకుంటే పోతుంది.

మరి చట్టంలో లేని పదవి ఇన్నేళ్ళుగా ఎందుకు నిలబడింది? రాజకీయానికి దాని అవసరం ఉంది కనుక. ఆ అవసరం తెలుగు నేల మీద ఎలా పుట్టిందో చూడాలంటే తిరుత్తణి ఇంకా చిత్తూరు జిల్లాలో ఉన్న రోజులకు వెళ్ళాలి. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రజా సోషలిస్టు పార్టీని వదిలి వచ్చిన టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, కాంగ్రెస్ నాయకుడు నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. ఒకరు కోస్తా, ఒకరు రాయలసీమ. పెద్ద పార్టీ బయటి మనిషికి పెద్ద కుర్చీ ఇచ్చి, పక్క కుర్చీలో తన మనిషిని కూర్చోబెట్టింది. 1955లో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయినప్పుడూ సంజీవరెడ్డికి మళ్ళీ అదే పదవి దక్కింది.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి వస్తే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి ఉండాలనుకున్నారు. సంతకాలు పెట్టినవారిలో సంజీవరెడ్డీ ఉన్నారు. నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాక ఆయన ఉప ముఖ్యమంత్రిని పెట్టుకోలేదు. ఆ పదవి ఆరో వేలు లాంటిదని అన్నారని తెలంగాణ రాజకీయ చరిత్ర చెప్పేవాళ్ళంతా చెబుతారు. రెండున్నరేళ్ళకు పైగా ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి దాని విలువ తెలియదనుకోలేం. తెలిసే అక్కర్లేదనుకున్నారు. తర్వాత దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో కొండా వెంకట రంగారెడ్డి, కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలో జె.వి. నర్సింగరావు ఉప ముఖ్యమంత్రులయ్యారు. ఇద్దరూ ఆ ఒప్పందం మీద తెలంగాణ తరఫున సంతకం చేసినవాళ్ళే. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయినప్పుడు లెక్క తిరగబడింది. ఆంధ్ర ప్రాంతం నుంచి బి.వి. సుబ్బారెడ్డి ఉప ముఖ్యమంత్రి. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేవగానే ఆయన రాజీనామా చేసి ఉద్యమంలోకే వెళ్ళిపోయారు. ప్రాంతాల మధ్య అతుకు వేయడానికి పెట్టిన పదవి, ఆ అతుకు ఊడినప్పుడు ఎవరినీ ఆపలేకపోయింది.

ఈలోగా తిరుత్తణి రాష్ట్రం మారింది. రెండు రాష్ట్రాల సరిహద్దుపై పటాస్కర్ చేసిన సిఫార్సుల ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల ఊళ్ళు కొన్ని సత్యవేడు వైపు వచ్చాయి. అంటే తిరుత్తణి జనం ఉప ముఖ్యమంత్రుల అలవాటున్న రాష్ట్రం నుంచి అలాంటి పదవే ఎరగని రాష్ట్రానికి వెళ్ళారు. ఆ తర్వాత 49 ఏళ్ళు అక్కడ ఆ పేరు వినబడలేదు. 2009 మే 29న ఎం.కె. స్టాలిన్ తమిళనాడు తొలి ఉప ముఖ్యమంత్రి అయ్యారు. వయసు, అనారోగ్యం మీద పడిన అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి తన శాఖల్లో కొన్ని కొడుక్కి అప్పగించారు. అక్కడ ప్రాంతాల లెక్క లేదు. వారసుడెవరో చెప్పడమే ఉద్దేశం.

అసలు పాఠం మాత్రం ఓ. పన్నీర్‌సెల్వం కథలో ఉంది. 2016 సెప్టెంబర్ 22న ముఖ్యమంత్రి జయలలిత ఆసుపత్రిలో చేరారు. అప్పుడు పన్నీర్‌సెల్వం ఆర్థిక మంత్రి. ఉప ముఖ్యమంత్రి కాదు. అక్టోబర్ 11న అప్పటి గవర్నర్, మన కరీంనగర్ ప్రాంతపు విద్యాసాగర్‌రావు, 166వ అధికరణ మూడో క్లాజు కింద ముఖ్యమంత్రి శాఖలన్నీ పన్నీర్‌సెల్వానికి కేటాయించారు. హోం ఆయనకే వెళ్ళింది, మంత్రివర్గ సమావేశాలకు అధ్యక్షత కూడా ఆయనదే. జయలలిత శాఖల్లేని ముఖ్యమంత్రిగా కొనసాగారు. ముఖ్యమంత్రి సలహా మీదే ఈ ఏర్పాటని రాజ్‌భవన్ అంటే, ఆసుపత్రిలో ఉన్నావిడ సలహా ఎలా ఇచ్చారని ప్రతిపక్షం నిలదీసింది. ఆ వివాదం అలా ఉంచి, ఏ బిరుదూ లేని మంత్రి చేతికి రాష్ట్ర యంత్రాంగం మొత్తం వచ్చిందన్నది గమనించాలి.

పది నెలలు తిరిగేసరికి దృశ్యం మారింది. జయలలిత పోయారు. పన్నీర్‌సెల్వం ముఖ్యమంత్రి అయ్యారు, దిగిపోయారు, పార్టీ చీలింది, మళ్ళీ అతుక్కుంది. 2017 ఆగస్టు 21న ఎడప్పాడి పళనిస్వామి ప్రభుత్వంలో ఆయన ఉప ముఖ్యమంత్రిగా చేరారు. ఆర్థిక శాఖ దక్కింది, కానీ పోలీసులు ముఖ్యమంత్రి దగ్గరే ఉండిపోయారు. బిరుదు లేనప్పుడు ఉన్న అధికారం బిరుదు వచ్చాక లేదు. అధికారం శాఖల పంపకం ఉత్తర్వులో ఉంటుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కుర్చీ వారసత్వం సంగతీ అంతే. 1969లో అన్నాదురై పోయినప్పుడు, 1987లో ఎం.జి.ఆర్. పోయినప్పుడు తాత్కాలిక ముఖ్యమంత్రి అయింది నెడుంచెళియన్. 2009 సెప్టెంబర్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణించాక ప్రమాణం చేసింది రోశయ్య. 1964లో నెహ్రూ తర్వాత, 1966లో శాస్త్రి తర్వాత ఆపద్ధర్మ ప్రధాని గుల్జారీలాల్ నందా. వీళ్ళెవరూ అప్పటికి ‘ఉప’ హోదాలో లేరు. శాశ్వతంగా ఎవరన్నది శాసనసభాపక్షం తేల్చుకుంటుంది.

అన్ని దేశాల్లోనూ ఇలాగే ఉంటుందనుకోవద్దు. ఐర్లాండ్ రాజ్యాంగం ఉప ప్రధాని పదవిని పేరుపెట్టి చెప్పింది. ప్రధాని చనిపోతే బాధ్యతలు ఆయనవేనని కూడా రాసింది. జర్మనీలో చాన్సలర్ ఒక మంత్రిని తన డిప్యూటీగా నియమించి తీరాలి. ఉత్తర ఐర్లాండ్‌లో డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ అధికారం ఫస్ట్ మినిస్టర్‌తో సమానం, ఒకరు దిగితే ఇద్దరూ దిగినట్టే. మనం ఎక్కువగా అరువు తెచ్చుకున్నది బ్రిటన్ పద్ధతి. అక్కడ ఇదంతా ప్రధాని ఇష్టం. 1951లో చర్చిల్ ఆంథొనీ ఈడెన్‌కు ఉప ప్రధాని అన్న పేరు ఇవ్వబోతే రాజు ఆరవ జార్జి అడ్డుచెప్పారు. తర్వాతి ప్రధాని ఎవరో ముందే చెప్పినట్టు అవుతుందని ఆయన అభ్యంతరం. తర్వాత మాత్రం ఆ పేరు అక్కడ మామూలైపోయింది.

మన దగ్గర ఆ పేరు మరీ చవకైన సందర్భమూ ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఒకేసారి అయిదుగురిని ఉప ముఖ్యమంత్రులను చేశారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, కాపు వర్గాలకు తలా ఒకటి. వాళ్ళలో పక్కనే ఉన్న గంగాధర నెల్లూరు ఎమ్మెల్యే నారాయణస్వామి ఒకరు. గౌరవం దక్కిందన్నది నిజమే. కానీ అయిదుగురిలో రెండోవాడెవరో చెప్పలేని ఏర్పాటు అది. సంకీర్ణంలో మిత్రపక్ష నాయకుడికి ఇచ్చినప్పుడు పరిస్థితి వేరు. పవన్ కల్యాణ్ మాటకు బరువు ఆయన పార్టీ గెలిచిన 21 సీట్ల నుంచి వస్తుంది. తెలంగాణలో భట్టి విక్రమార్క మాటకు బరువు ఆయన చేతిలోని ఆర్థిక, విద్యుత్ శాఖల నుంచి వస్తుంది.

కాబట్టి ఎవరినైనా ఉప ముఖ్యమంత్రిని చేశారన్న వార్త వచ్చినప్పుడు, మర్నాడు వెలువడే శాఖల జాబితా చదవండి. హోం, ఆర్థికం, రెవెన్యూ ఎవరి దగ్గర ఉన్నాయో చూడండి. అర్జీ రాసేవాళ్ళకు కూడా అదే చెప్పాలి. పట్టా సమస్యను ఉప ముఖ్యమంత్రికి రాసినా, రెవెన్యూ శాఖ ఆయనది కాకపోతే ఆ కాగితం తిరిగి తిరిగి రెవెన్యూ మంత్రి పేషీకే చేరుతుంది. నేరుగా అక్కడికే పంపితే కొన్ని వారాలు కలిసొస్తాయి.