ఆరియోమైసిన్‌ను ఎదిరించిన జన్యువు

హైదరాబాదునందలి జీడిమెట్ల పారిశ్రామికవాడ మీదుగా పోవువారికి అచటి ఘాటైన రసాయనపు వాసన క్రొత్త కాదు. 1961లో నెలకొల్పబడిన ఐ.డి.పి.ఎల్. అను మందుల సంస్థ సోవియట్ సహాయముతో బాలానగరున కట్టిన కర్మాగారములో పని నేర్చిన రసాయనవేత్తలు పలువురు బయటికి వచ్చి సొంత బల్క్ డ్రగ్ కంపెనీలు పెట్టుటచేతనే ఈ పరిసరములు మందుల ముడిసరుకునకు పుట్టినిల్లయినవి. ఐనను సూక్ష్మజీవనాశక ఔషధములతో తెలుగువారి సంబంధము అంతకన్న పాతది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లె ప్రయోగశాలలలో పరిశోధనాధ్యక్షులై యుండగా, వారి పర్యవేక్షణలో వయోవృద్ధుడగు వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలము మట్టిలో దొరకిన ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్‌ను వెలికిదీసెను. టెట్రాసైక్లిన్ మందులలో ఇదియే మొదటిది. 1948 జూలైలో దీనిని లోకమునకు ప్రకటించిరి. మరుసటి నెలలోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి.

ఆ మందు సూక్ష్మజీవికణములోని రైబోసోమును పట్టుకొని, ప్రోటీను కూర్పునకు వలయు అమైనో ఆమ్లములను తెచ్చు ఆర్.ఎన్.ఎ.కు చోటులేకుండ చేయును. స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవుల జాతులలో వ్యాపించిన టెట్-ఎం అను జన్యువు ఒక ప్రోటీనును తయారుచేయించును. అది రిజర్వు సీటులో కూర్చున్నవానిని లేవగొట్టు టికెట్ కలెక్టరు వలె రైబోసోమునుండి మందును తొలగించును. మందు నాశనము కాదు, స్థానభ్రంశము మాత్రమే పొందును. ఈ జన్యువు తరచుగా టీఎన్-916 అను పదునెనిమిదివేల అక్షరముల డి.ఎన్.ఎ. ఖండములో నివసించును. ఆ ఖండము క్రోమోజోమునుండి తనంతట తాను తెగి, వలయాకారము దాల్చి, ప్రక్కనున్న కణములోనికి ప్రవేశించి, అచట మరల అతుకుకొనును. టెట్రాసైక్లిన్ సమక్షములో ఈ ప్రయాణము మరింత హెచ్చును. చంపవలసిన మందే జన్యువునకు ప్రయాణసన్నాహము చేయుచున్నదన్నమాట.

దీని పర్యవసానమును 2014లో పారిసు పాస్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు సవిస్తరముగా వెల్లడించిరి. నవజాత శిశువులకు రక్తదోషమును, మెదడుపొరల వాపును కలిగించు స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే యొక్క 229 నమూనాల జన్యుక్రమమును పరిశీలింపగా, పూర్వము నానావిధములుగా నుండిన ఆ జీవుల స్థానమును టెట్-ఎం ధరించిన కొలదిపాటి వంశములు ఆక్రమించెననియు, ఆ మార్పునకు టెట్రాసైక్లినుల విస్తృతవినియోగమే ప్రేరకమనియు తేలినది. నేడు మానవులనుండి లభించు ఈ జీవులలో నూటికి తొంబదికి మించి టెట్రాసైక్లినునకు లొంగవు. పసికందులను పీడించుట యందు ఈ జీవి 1960 తరువాతనే ప్రసిద్ధికెక్కుట కాకతాళీయము కాదని వారి అభిప్రాయము.

ఇంతమాత్రమున ఆ జన్యువును మందు సృష్టించినదని తలచుట పొరపాటు. కెనడా ఉత్తరప్రాంతమునందలి యూకాన్‌లో ముప్పదివేల ఏండ్లుగా గడ్డకట్టియున్న నేలలో టెట్-ఎం పోలికగల జన్యువులు కనబడినవని 2011లో ప్రకటింపబడినది. మనము చేసినది ఎంపిక.

మనుష్యుల చికిత్సలో టెట్రాసైక్లిన్ వాడుక నేడు బాగుగా తగ్గినది గదా, ఈ జన్యువు ఏల పోలేదు? ఆ డి.ఎన్.ఎ. ఖండము మీదనే అనేకపర్యాయములు ఎర్మ్-బి అను మరియొక జన్యువు వచ్చి కూర్చుండును. అది రైబోసోమునందలి ఒక బిందువునకు మిథైల్ తగిలించి ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ మందులకు పట్టుదొరకనీయదు. గొంతునొప్పియని మెడికల్ షాపులో చీటీ లేకుండ కొని మ్రింగిన మూడురోజుల అజిత్రోమైసిన్ బిళ్ళలు ఎర్మ్-బితో పాటు, దానికి తోడుగా నున్న టెట్-ఎంను గూడ పోషించును. ఆ గొంతునొప్పులలో అధికభాగము వైరసులవే యగుట మరియొక విచిత్రము.

హైదరాబాదు కర్మాగారముల పేరెత్తగానే 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు శుద్ధికేంద్రపు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అను మందును కనుగొనిన ఉదంతము జ్ఞప్తికి వచ్చును. అది నిస్సందేహముగా ఘోరమే. కాని స్ట్రెప్టోకాకస్ నివాసము వాగులోని బురద కాదు, మనుష్యుని శరీరము. దాని విషయములో ఫ్యాక్టరీ కాలువకన్న మనము మ్రింగు బిళ్ళయే ఎక్కువ నేరము చేయుచున్నదని నా తలంపు. న్యుమోకాకస్ అను మరియొక స్ట్రెప్టోకాకస్ చరిత్రయు ఇట్టిదే: నోటిలో నిరపాయముగా బ్రదుకు స్ట్రెప్టోకాకస్ మైటిస్ నుండి అది జన్యుశకలములను గ్రహించి, పెనిసిలిన్ పట్టుకొను ప్రోటీనులను అతుకుల బొంతగా మార్చుకొనినది.

ఆశ్చర్యకరముగా, కీళ్ళను, గుండెకవాటములను దెబ్బతీయు రుమాటిక్ జ్వరమునకు మూలమైన స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ మాత్రము ఇన్ని దశాబ్దములైనను పెనిసిలినునకు లొంగుచునే యున్నది. అందుచేతనే ఆ జ్వరము సోకిన బిడ్డలకు మూడు నాలుగు వారములకొకసారి బెంజథీన్ పెనిసిలిన్ సూది నేటికిని ఇచ్చుచున్నారు. కాని అమెరికాలోని సియాటిల్ నగరమున, ఈ జీవిలో పెనిసిలిన్ పట్టుకొను ప్రోటీనును కూర్చు పీబీపీ-2ఎక్స్ జన్యువులో ఒక్క మార్పుగల రకములు కనబడినవి. వానిపై పెనిసిలిన్ తెగకు చెందిన అమోక్సిసిలిన్ శక్తి కొంత తగ్గినది. ఐనను అవి ఇంకను చికిత్సకు లొంగు హద్దులలోనే యున్నవి.