వచ్చిన దారినే మళ్లే వెలుగు

అద్దం మీద వెలుగు ఏ వాలున పడుతుందో అదే వాలున అవతలికి పోతుంది. పంపిన చోటికే అది తిరిగి రావాలంటే అద్దం సరిగ్గా ఎదురుగా నిలబడాలి. అద్దం ఒక్క డిగ్రీ ఒరిగితే వెలుగు రెండు డిగ్రీలు పక్కకు తప్పుకుంటుంది. రెండు అద్దాలను సగం తెరిచిన పుస్తకంలా, అంచుకు అంచు ఆనించి లంబకోణంలో నిలబెడితే మాత్రం ఈ బెడద ఉండదు. ఆ జంట ఎటు తిరిగి ఉన్నా, రెండింటినీ తాకిన వెలుగు వచ్చిన వైపుకే మళ్లుతుంది.

కారణం చిన్న లెక్కలో ఉంది. ఒక కిరణం మొదటి అద్దాన్ని 30 డిగ్రీల వాలున తాకితే దాని దారి 60 డిగ్రీలు మళ్లుతుంది. రెండు అద్దాలూ ఆ కిరణమూ కలిసి లంబకోణ త్రిభుజం అవుతాయి కాబట్టి రెండో అద్దాన్ని అది 60 డిగ్రీల వాలున తాకక తప్పదు. అక్కడ 120 డిగ్రీలు మళ్లుతుంది. మొత్తం 180 డిగ్రీలు, అంటే పూర్తిగా వెనక్కి. మొదటి వాలు 20 అయితే రెండోది 70. మళ్లింపులు 40, 140. మొత్తం మళ్లీ 180. మొదటి అద్దం దగ్గర ఎంత తగ్గితే రెండో అద్దం దగ్గర అంత పెరుగుతుంది. క్యారమ్స్ ఆడేవారికి ఇది చేతికి తెలిసిన విషయమే. మూల దగ్గర రెండు అంచులనూ వరసగా కొట్టిన స్ట్రైకర్, వెళ్లిన దారికి ఇంచుమించు సమాంతరంగా వెనక్కి వస్తుంది.

ఇంట్లో రెండు చేతి అద్దాలు, కాస్త టేపు ఉంటే దీన్ని చూడవచ్చు. లంబకోణంలో నిలబెట్టిన జంట ముందు కుడి చెయ్యి ఎత్తితే, మధ్య గీత దగ్గర కనిపించే బొమ్మ కూడా తన కుడి చెయ్యే ఎత్తుతుంది, ఎదురుగా నిలబడ్డ మనిషి ఎత్తినట్టు. చొక్కా మీది అక్షరాలు తిరగబడకుండా చదవడానికి వీలుగా ఉంటాయి. మామూలు అద్దానికి అలవాటుపడ్డ చెయ్యి మాత్రం ఈ బొమ్మను చూస్తూ పాపిట తీయబోతే తడబడుతుంది. లోకానికి మన ముఖం ఎలా కనిపిస్తుందో చూపించేది ఈ జంటే.

అయితే రెండు అద్దాలు ఒక తలంలో నడిచే వెలుగునే వెనక్కి తిప్పగలవు. నిలువుగా పెట్టిన జంట మీదికి పైనుంచి వాలుగా దిగిన కిరణం, పక్కలకు సంబంధించినంత వరకు వెనక్కి మళ్లినా, కిందికి దిగడం మాత్రం మానదు. దాన్ని పైకి తిప్పడానికి నేల మీద మూడో అద్దం కావాలి. రెండు గోడలు, నేల కలిసే గది మూలలాంటి ఆకారం ఇది. ఒక అద్దం తూర్పు పడమరలను, మరొకటి ఉత్తర దక్షిణాలను, మూడోది పైకిందులను తిరగేస్తాయి. మూడు దిక్కులూ తిరగబడ్డాక కిరణానికి వచ్చిన దారి తప్ప మరో దారి ఉండదు. ఈ మూలలోకి ఒంటి కంటితో చూస్తే ఆ కన్ను, తల ఎటు జరిపినా, సరిగ్గా మూలలోనే కనిపిస్తుంది.

సైకిలు వెనక ఉండే ఎర్ర ప్లాస్టిక్ బిళ్లను దగ్గరగా చూస్తే లోపల ఇలాంటి చిట్టి మూలలు వరసలు తీరి ఉంటాయి. వాటికి కళాయి పూత ఉండదు. ప్లాస్టిక్‌లో నడిచే వెలుగు గాలితో కలిసే అంచును సుమారు 42 డిగ్రీలకు మించిన పతన కోణంతో (ఇది అంచు నుంచి కాక, అంచుకు లంబంగా ఉన్న గీత నుంచి కొలిచే కోణం) తాకితే బయటికి పోలేక మొత్తం లోపలికే మళ్లుతుంది. పాఠ్యపుస్తకాల్లో సంపూర్ణాంతర పరావర్తనం అనేది ఇదే. బిళ్ల పగిలి వెనకవైపు నీరు చేరితే ఆ మెరుపు చాలావరకు పోతుంది. జనం రేడియం స్టిక్కర్ అని పిలిచే వాటిలో రేడియం లేదు, సొంత వెలుగు అంతకన్నా లేదు. కొన్నింటిలో సన్నని గాజుపూసలు, కొన్నింటిలో ఈ మూలలు పని చేస్తాయి. ఆదోని మార్కెట్‌కు రాత్రిపూట పత్తి బోరాలతో వెళ్లే ట్రాక్టరు ట్రాలీకి వెనక దీపం లేకపోతే, వెనకనుంచి వచ్చే బండికి దాని ఉనికి చెప్పేది ఆ స్టిక్కర్ ఒక్కటే. దాని మీది మన్ను తుడవడం ఒక ప్రాణాన్ని కాపాడే పని.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వెలుగు ఖచ్చితంగా బయలుదేరిన చోటికే వస్తే హెడ్‌లైటులోకే పోతుంది, డ్రైవరు కంటికి చేరదు. అందుకే రోడ్డు గుర్తుల్లో తిరుగు వెలుగు కొద్దిగా విచ్చుకునేలా చూస్తారు. లారీ డ్రైవరు కన్ను హెడ్‌లైటుకు బాగా ఎత్తున ఉంటుంది కాబట్టి అదే బోర్డు అతనికి కారు నడిపేవాడికన్నా మందంగా కనబడుతుంది.

విచ్చుకోవడం అసలు పనికిరాని చోటు చంద్రుడు. 1969 జులైలో అపోలో 11 వ్యోమగాములు 100 గాజు మూలల పలకను అక్కడ ఉంచి వచ్చారు. భూమి నుంచి లేజర్ వెలుగును పంపితే సుమారు రెండున్నర సెకన్లలో తిరిగి వస్తుంది. ఆ కాలాన్ని కొలిచే, చంద్రుడు ఏటా సుమారు 3.8 సెంటీమీటర్లు దూరమవుతున్నాడని తేల్చారు. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయలుదేరిన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీద కూడా నాసా ఇచ్చిన అలాంటి పరికరం ఉంది. అయిదు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది మూలలు. ఆ ఏడాది డిసెంబరు 12న, నాసా ఉపగ్రహం వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపిన లేజర్‌ను అది వెనక్కి తిప్పింది.

అంతటి ఖచ్చితత్వాన్ని కావాలనే తప్పించుకునే వస్తువు ఒకటుంది. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లోకి దూరదూరాల నుంచి జనం దిగి, వాన కడిగిన నేలలో తలవంచి వెదికే వజ్రం. వెలుగును ఎంతగా వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం వజ్రానికి 2.42. గాజులో వెలుగు లోపలే చిక్కాలంటే పతన కోణం సుమారు 42 డిగ్రీలు దాటాలి. వజ్రంలో 24.4 దాటితే చాలు. పైనుంచి దిగిన వెలుగు అడుగున ఒక ముఖం మీద, తర్వాత ఎదుటి ముఖం మీద మళ్లి, పైకి వస్తుంది. రెండు అద్దాల కథే మళ్లీ.

1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఆయన గుండ్రటి వజ్రానికి లెక్కకట్టిన అడుగు వాలు 40.75 డిగ్రీలు. అంటే ఎదురెదురు ముఖాల నడుమ 98.5 డిగ్రీలు, లంబకోణం కన్నా ఎనిమిదిన్నర ఎక్కువ. నిట్టనిలువుగా దిగిన కిరణం వచ్చిన దారికి 17 డిగ్రీల తేడాతో పైకి వచ్చి, బయటపడేటప్పుడు సుమారు 45 డిగ్రీలకు వంగుతూ రంగులుగా విడిపోతుంది. వాలును 45కు పెంచి లంబకోణం చేస్తే వెలుగు నేరుగా వెనక్కి పోతుంది. అప్పుడు రాతిలోకి వంగి చూసేవాడికి తన తల నీడే కనబడి నడిమి భాగం నల్లబడుతుంది. సానపట్టేవాడి నేర్పంతా ఆ ఎనిమిదిన్నర డిగ్రీల్లో ఉంది.

జొన్నగిరి మట్టిలో దొరికే ముడి రాయికి ఈ హంగేమీ ఉండదు. అష్టముఖి స్ఫటికంలో ఒక కొన దగ్గర ఎదురెదురు ముఖాల మధ్య కోణం 70.5 డిగ్రీలే. పైగా ముడి రాళ్ల ముఖాలు చాలావాటికి గరుకుగా, మసకగా ఉంటాయి. గాజుపెంకు తళుక్కుమంటే అటు పరుగెత్తే కంటికి నూనె రాసినట్టుండే ఆ మందపు నిగనిగ ఆనకపోవచ్చు. సానరాయి మీద ఆ ముఖాలు అరిగి 98.5 డిగ్రీలకు విచ్చుకున్నాకే వెలుగు దాని అడుగున రెండుసార్లు మళ్లి, చూసేవారి కంటికి రంగులుగా అందుతుంది.