సంతవీధిలో కాలము

హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగరులో మెట్రో రైలెక్కినవారికి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటినచో ఎల్.బి. నగరు మూడవ స్టేషను. పుస్తకము తెరచి నాలుగు పుటలు చదువునంతలో వచ్చును. ఇంత కొద్ది దూరములోనే కాలముతో రెండు వేర్వేరు బేరములు సాగుచున్నవి. ఎల్.బి. నగరు చౌరస్తాలో తెల్లవారినది మొదలు తాపీపనివారు, మట్టిపనివారు, రంగులు వేయువారు అడ్డామీద నిలుచుందురు. మేస్త్రీయో, ఇల్లు కట్టుకొనుచున్న యజమానియో వచ్చి వారి దినమును బేరమాడి తీసికొనిపోవును. ఎండ ఎక్కువరకును ఎవరును పిలువనివారు అన్నపు డబ్బాను విప్పకయే ఇంటిదారి పట్టుదురు. దిల్‌సుఖ్‌నగరులో బేరము తారుమారు. అచ్చట యువకులు తామే ఎదురు సొమ్మిచ్చి, కోచింగ్ కేంద్రములలో నెలలను, సంవత్సరములను వెచ్చించుచున్నారు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతములనుండి వచ్చి, హాస్టలులో ఒక మంచమునకు అద్దె కట్టి, ఉద్యోగ ప్రకటన కొరకు కనిపెట్టుకొని యుందురు.

ఈ రెండు చోట్లను దృష్టిలో నుంచుకొని, కాలమును వృథా చేయకుడను హితవాక్యమును ఒకమారు చదివి చూడవలెను. పాఠశాలల గోడలమీద ఇంతకంటె ఎక్కువగా కనబడు వాక్యము లేదేమో! ఉపాధ్యాయులు చెప్పి చెప్పి, విద్యార్థులు విని విని, ఆ మాట పాత నాణెమువలె అరిగిపోయినది. ఉదయము ఆరు గంటలకే అడ్డామీదికి వచ్చిన కూలీ తన కాలమును వృథా చేయుచున్నాడా? చేయుచున్నాడనుట క్రూరత్వము. అతడు తన కాలమును అమ్మజూపుచున్నాడు; కొనువాడు లేడు. కావున కాలమును చక్కగా వాడుకొనుట ఒక్కొక్కని పట్టుదలతో మాత్రమే తేలిపోవు సంగతి కాదు. విశేషమేమనగా, క్రైస్తవుల వేదగ్రంథమున కాలమును గూర్చి వచ్చిన మిక్కిలి ప్రసిద్ధమైన మాటయు సంతవీధిలోనే పుట్టినది.

ఎఫెసు సంఘమునకు పౌలు పేరిట పోయిన లేఖలో, ఐదవ అధ్యాయమున, ఆ మాట కలదు. తెలుగు బైబిలు అనువాదకులు దానిని సద్వినియోగమను సంస్కృత పదముతో చెప్పిరి. అర్థము చెడలేదు గాని మూలములోని సంత వాసన పోయినది. గ్రీకు మూలమునందున్న క్రియ ఎక్సగొరాజో. దాని కడుపులో అగొరా యను మాట ఉన్నది. అగొరా యనగా అంగళ్ళు, కొలువులు, కబుర్లు అన్నియు ఒక్కచోట చేరిన గ్రీకు పట్టణపు నడివీధి. సంతలోనుండి కొనివేయుట, వెల చెల్లించి విడిపించుకొని వచ్చుట అని ఆ క్రియకు అర్థము. గలతీయులకు వ్రాసిన లేఖలో, క్రీస్తు మనుష్యులను విడిపించెనని చెప్పునప్పుడు పౌలు వాడిన క్రియయు ఇదియే. మనుష్యులను బానిసలుగా సంతలలో అమ్ముచుండిన కాలమది. వెలయిచ్చి విడిపింపబడిన మనిషి ఎంత విలువగలవాడో, వెలయిచ్చి విడిపించుకొన్న సమయమును అంత విలువగలదని ఆ లేఖ విన్నవారికి వెంటనే స్ఫురించియుండును.

అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1748లో ఒక యువ వర్తకునకు సలహా చెప్పుచు కాలమే ధనమనెను. నేడు మన గోడలమీదనున్న హితవాక్యములలో చాలభాగము పౌలు సంతానము కాదు, ఫ్రాంక్లిన్ సంతానము. ఫ్రాంక్లిన్ లెక్కలో కాలమును ధనముగా మార్చుకొనవలెను. పౌలు లెక్కలో మనయొద్దనున్నదానిని వెచ్చించి కాలమును కొనవలెను. ఈ రెండింటికిని గల భేదము చిన్నది కాదు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేటనుండి ఎల్.బి. నగరు వరకు 16 కిలోమీటర్ల మెట్రో మార్గము తెరచిరి. బస్సులో ఇరుకున నిలువబడి పోయెడు కాలము కొంత మిగిలినది. ఆ మిగిలిన నిమిషములు ఏమైనవని విచారించినచో, వానిలో పెక్కు చేతిలోని ఫోనులోనికే పోయినవని రైలుపెట్టెను చూచిన ఎవరైనను చెప్పగలరు. మిగిలిన కాలము వేరు, కొన్న కాలము వేరు.

కొనవలసిన సరకు పేరును గమనింపదగినది. గడియారము కొలిచెడు కాలమునకు గ్రీకులు క్రోనోస్ అను మాట వాడుదురు. ఆ లేఖలో ఉన్నది అది కాదు, కైరోస్. దీనికి తెలుగున వెదుకనక్కరలేని మాట కలదు: అదను. తొలకరి పడినపిమ్మట నేల పదను చూచి విత్తనము చల్లు రైతునకు గంటలతో పనిలేదు. అదను తప్పినచో పది దినములు ఎక్కువ దున్నినను పంట రాదు.

పౌలు తాను అదనును ఎట్లు కొనెనో అపొస్తలుల కార్యములను గ్రంథము పందొమ్మిదవ అధ్యాయమున తెలియును. ఎఫెసు పెద్ద వ్యాపార పట్టణము. అర్తెమిదేవి ఆలయమును, దానిని నమ్ముకొని బ్రతికెడు వెండిపనివారును అచ్చట ప్రసిద్ధులు. ఆ పట్టణమున తురన్ను అనువాని పాఠశాలలో పౌలు ప్రతిదినము, రెండు సంవత్సరములపాటు, బోధించెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున భద్రపరచిన బెజా ప్రతి యను ప్రాచీన వ్రాతప్రతిలో ఈ చోట ఒక చిన్న వివరము అధికముగా కనబడును: ఐదవ గంట మొదలు పదవ గంట వరకు బోధించెనని. సూర్యోదయమునుండి లెక్కించు ఆనాటి పద్ధతిలో అది మన పదకొండు గంటలనుండి సాయంకాలము నాలుగు గంటల వరకు. ఎండ మండిపోవు వేళ. జనము పని ఆపి కునుకు తీయు వేళ. కనుకనే బడి ఖాళీగానుండు వేళ. ఇది మూలపాఠమున చేరకపోయినను, ఆ పట్టణపు దినచర్య ఎరిగినవారెవరో వ్రాసినదని పలువురు పండితుల అభిప్రాయము. డేరాలు కుట్టుట పౌలు వృత్తి. తన ఖర్చునే గాక తనతోనున్నవారి ఖర్చును కూడ ఈ చేతులే భరించినవని అతడు ఎఫెసు పెద్దలకు తరువాత గుర్తుచేసెను. అనగా ఎవరికిని అక్కరలేని గంటలను, తన విశ్రాంతిని వెలగా పెట్టి, అతడు కొనెనన్నమాట. పగలు మందుల దుకాణములో పనిచేసి రాత్రి చదువుకొను గదికి పోవు దిల్‌సుఖ్‌నగరు విద్యార్థికి ఈ కథను విప్పి చెప్పనక్కరలేదు.

కాని అదను మనుష్యుని చేతిలో లేనప్పుడు ఏమగును? తెలంగాణ రాష్ట్రము 2014 జూన్ 2న ఏర్పడినది. ఆ తరువాత తొలి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో వెలువడెను, పోస్టులు 503. ఆ యేడు అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రము ముందే బయటికి పొక్కినదని తేలుటచే 2023 మార్చిలో దానిని రద్దు చేసిరి. జూన్ 11న మరల జరిపిరి. సెప్టెంబరులో హైకోర్టు దానిని కూడ రద్దు చేసెను. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో క్రొత్త ప్రకటన వచ్చెను. జూన్ 9న మూడవమారు ప్రాథమిక పరీక్ష, అక్టోబరులో ప్రధాన పరీక్షలు. ఒకే మెట్టు ఎక్కుటకు అభ్యర్థులు మూడుమార్లు కాలెత్తిరి. ఇరువదియైదేండ్ల వయసున గది అద్దెకు తీసికొన్నవానికి ఇరువదియేడు దాటెను. ఈ రెండున్నర సంవత్సరములు ఆ యువకులు పారవేసికొన్నవి కావు, వారియొద్దనుండి తీసికొనబడినవి. ఇట్టివారికి సోమరితనమును గూర్చి ఉపన్యసించుట కంటె, పౌలు తన హెచ్చరికకు చెప్పిన కారణమును చూపుట మేలు. కాలము బాగుగా లేదు కనుకనే దానిని విడిపింపుమనెను. కాలము సవ్యముగా నడచుచుండినచో విడిపింపవలసిన పని ఏమున్నది?

అడ్డామీది కూలీ కథ మత్తయి సువార్త ఇరువదియవ అధ్యాయమున నున్నది. ద్రాక్షతోట యజమాని తెల్లవారుజామున సంతకు పోయి, దినమునకు ఒక దేనారము కూలి ఒప్పుకొని, పనివారిని తెచ్చెను. తొమ్మిదింటికి మరల పోయెను. పండ్రెండింటికిని, మూడింటికిని పోయెను. ప్రొద్దు క్రుంకుటకు ఒక గంట మాత్రమే మిగిలియుండగా, ఐదింటికి, ఇంకొకమారు పోయి, దినమంతయు ఇచ్చట ఊరక ఏల నిలిచితిరని అడిగెను. మమ్ము ఎవరును పనికి పిలువలేదని వారు చెప్పిరి. ఆ జవాబును యజమాని తప్పుపట్టలేదు; పట్టుదలను గూర్చి ఉపదేశమును చేయలేదు. పనికి పొండనెను. సాయంకాలము అందరికిని ఒక్కొక్క దేనారమే ముట్టెను. ప్రొద్దుటినుండి ఎండలో మ్రగ్గినవారు సణిగిరి. వారి సణుగుడులో న్యాయము లేకపోలేదు.

కడపటి గడియలో మనసు మార్చుకొన్నవానికి కూడ దైవకృప కలదని చెప్పుటకు బోధకులు ఈ ఉపమానమును వాడుట పరిపాటి. అది తప్పు కాదు. కాని ఎల్.బి. నగరు అడ్డాను చూచినవానికి మరియొకటి తోచును. దేనారము ఆనాడు ఒక దినపు కూలి, ఒక కుటుంబపు దినపు గ్రాసము. పని దొరకినవాని పిల్లలకును, దొరకనివాని పిల్లలకును ఆకలి ఒక్కటే. ఇంకొక సూక్ష్మము కలదు. ఆ యజమానికి గృహనిర్వాహకుడు ఉన్నాడు. సాయంకాలము కూలి పంచినది అతడే. అయినను సంతకు మాత్రము యజమాని తానే, ఐదుమార్లు, పోయెను. ఈ కథలో తన కాలమును వెచ్చించి ఇతరుల కాలమును కొన్నవాడు అతడే.

చెడ్డ రోజులలో ఇట్టి బేరము జరిగినదనుటకు తెలంగాణములో రాతితో కట్టిన సాక్ష్యము కలదు. మెదకులోని పెద్ద దేవాలయము 1914లో మొదలై 1924 వరకు కట్టబడినది. ఆ యేడు డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. కట్టించినవాడు వెస్లియన్ మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్. అవి కరవు రోజులు. పొలములో పనిలేక నిలిచిపోయిన కూలీలకు పని కల్పించి, కూలిగా తిండి పెట్టుచు దానిని కట్టించెనని ఆ ప్రాంతపువారు నేటికిని చెప్పుకొందురు. గోపురపు ఎత్తును మెచ్చుకొనువారు ఆ కరవును గూర్చి కూడ పిల్లలకు చెప్పినచో బాగుండును.

పాస్నెట్ సంప్రదాయమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ కాలము విషయమున గొప్ప లోభి. పౌలు మాటమీదనే 1782లో ఒక ప్రసంగమును ప్రకటించెను. అది అంతయు నిద్రను గూర్చియే. యౌవనమున అతనికి అర్ధరాత్రి మెలకువ వచ్చుచుండెను. నిద్ర ఎక్కువై అట్లగుచున్నదని తలచి, మ్రోగు గడియారము తెచ్చుకొని, ఒకనాడు ఏడింటికి, మరునాడు ఆరింటికి, పిమ్మట ఐదింటికి లేచెను. నాలుగింటికి లేచిననాటినుండి రాత్రి మెలకువ రాలేదట! అరువదేండ్లకు పైగా ఆ నియమమునే పాటించితినని వ్రాసెను. పురుషులకు ఆరు గంటలకు కొంచెము మించిన నిద్ర చాలునని అతని నిర్ణయము. తన శరీరమును తానే పరీక్షించి కనుగొన్న పద్ధతి మెచ్చదగినదే. ఆ కొలతను మాత్రము బడిపిల్లలకు అంటగట్టరాదు. పదుమూడునుండి పదునెనిమిదేండ్ల వారికి ఎనిమిదినుండి పది గంటల నిద్ర అవసరమని నేటి వైద్యులు చెప్పుచున్నారు. నిద్ర తగ్గించుటయే చదువు పెంచుటయని నమ్మెడు హాస్టలు నిర్వాహకులు వెస్లీని సాక్షిగా పిలువకుందురు గాక!

క్రైస్తవ మతమునకు మాతృకయైన యూదుల ధర్మశాస్త్రమున విశ్రాంతి దినము కేవలము భక్తి కొరకు విధింపబడినది కాదు. దాసదాసీలును, ఎద్దును గాడిదయు కూడ ఆ దినమున పని మానవలెను. ద్వితీయోపదేశకాండము దీనికి చెప్పిన కారణము మిక్కిలి సూటియైనది: మీరును ఐగుప్తులో బానిసలై యుంటిరి గదా అని. బానిసకు లేని ఆస్తి ఒక్కటే, తన కాలము. విడుదల పొందినవాడని చెప్పుటకు గుర్తు, ఏడింట ఒక దినము ఎవరికిని అమ్మకుండుట. దిల్‌సుఖ్‌నగరులో చాల కోచింగ్ కేంద్రములకు ఆదివారము నమూనా పరీక్షల దినము. ఆరాధనకు పోవలసిన క్రైస్తవ విద్యార్థికే కాదు, ఏ మతమువానికైనను ఇది ఆలోచింపవలసిన విషయము. తెలుగున గంట యను ఒకే మాట కాలపు కొలతకును, మ్రోగు లోహమునకును పేరైనది. కొలుచు గంటలు నిండిపోయినకొలది, పిలుచు గంట వినబడుట తగ్గుచున్నది.

ఉపాధ్యాయుల కొరకు మార్కు సువార్త ఐదవ అధ్యాయమున ఒక ఘట్టము కలదు. యాయీరు అను సమాజమందిరపు అధికారి, తన పండ్రెండేండ్ల కూతురు చావుబ్రతుకులలో ఉన్నదని యేసును పిలుచుకొని పోవుచుండెను. ఒక్క నిమిషము కూడ జారవిడువరాని ప్రయాణము. త్రోవలో పండ్రెండేండ్లుగా రక్తస్రావముతో బాధపడుచున్న ఒక స్త్రీ గుంపులో వచ్చి ఆయన వస్త్రమును ముట్టెను; స్వస్థతయు పొందెను. అంతటితో పోవచ్చును గదా! ఆయన ఆగెను. ముట్టినదెవరని అడిగి, ఆమె భయపడుచు తన కథ అంతయు చెప్పువరకు వినెను. ప్రక్కన ఆ తండ్రి ఎంత తల్లడిల్లియుండునో సువార్తికుడు వ్రాయలేదు. చివరి పీరియడు గంట మ్రోగి, బస్సుకు వేళయగుచుండగా, ఏడాదియంతయు నోరు విప్పని బాలుడు పుస్తకము పట్టుకొని బల్లయొద్దకు వచ్చినపుడు ఉపాధ్యాయునకు కలుగు ఇరకాటము ఈ జాతిదే. ఇంతలో ఇంటినుండి మనుష్యులు వచ్చి, బాలిక చనిపోయినది, ఇంకను బోధకుని శ్రమపెట్టనేల అనిరి. యేసు వెనుదిరుగలేదు. ఇంటికి పోయి, ఏడ్చుచున్నవారిని వెలుపలికి పంపి, ఆ పిల్ల చేయి పట్టి లేపెను. లేచి నడచిన బిడ్డకు తినుటకు ఏమైన పెట్టుడని ఆయన ఇంటివారికి చెప్పుటతో ఆ అధ్యాయము ముగియును.