బ్రతికినవారి లెక్క

రోడ్డు ప్రమాదమున ఘోరముగా గాయపడినవాడు ఆసుపత్రినుండి ప్రాణములతో వెలువడినచో వైద్యము ఫలించినదని మనము సంతసింతుము. సంతసింపదగినదే. కాని ఆతడు మరల నాగలి పట్టగలిగెనా, కొలువున చేరెనా, తన పనులు తానే చేసికొనుచున్నాడా యని విచారించువారెవరు? ఈ విచారణ లేనిదే వైద్యముయొక్క నిజమైన ఫలము తెలియదని మా యభిప్రాయము.

ఈ విషయమున ఆస్ట్రేలియాయందలి విక్టోరియా రాష్ట్రము మార్గదర్శకము. 1999లో అచట గాయచికిత్సా పద్ధతులను సమీక్షించి, తీవ్రముగా గాయపడినవారిని కొన్ని పెద్ద ఆసుపత్రులకే తరలింపవలెనని నిశ్చయించిరి. పెద్దలకు మెల్‌బోర్న్ నగరమందలి ఆల్‌ఫ్రెడ్, రాయల్ మెల్‌బోర్న్ ఆసుపత్రులును, పిల్లలకు రాయల్ చిల్డ్రన్స్ ఆసుపత్రియు నియమితములైనవి. 2001లో రాష్ట్రమంతటికిని ఒక్కటే రిజిస్టరు ఆరంభమైనది. బ్రతికి ఇల్లు చేరినవారిని ఆరు మాసములకు, ఏడాదికి, రెండేండ్లకు టెలిఫోనులో పలుకరించి, నొప్పి, నడక, ఉద్యోగము మున్నగువానినిగూర్చి ప్రశ్నించుట ఆ రిజిస్టరువారి పద్ధతి యైనది.

మరణముల లెక్కయైనను సులభము కాదు. పెద్ద ఆసుపత్రికి వచ్చువారు మిక్కిలి విషమస్థితిలోనివారు. అచట మరణములు హెచ్చుగా నున్నంతమాత్రమున వైద్యము హీనమనుట, మెట్ట దిగుబడిని మాగాణి దిగుబడితో పోల్చి మెట్టరైతును నిందించుట వంటిది. కావుననే 1974లో గాయతీవ్రతకు అంకెల కొలత యొకటి ప్రకటితమైనది. శరీరమును ఆరు భాగములుగా నెంచి, అధికముగా దెబ్బతిన్న మూడు భాగముల తీవ్రతాంకములను వర్గము చేసి కూడుదురు. మొత్తము 75కు మించదు. 15కు మించినచో ఘోరగాయమని పెక్కుచోట్ల గణింతురు. దీనికి వయస్సునుగూడ చేర్చి, ఎందరు బ్రతుకగలరని అంచనా వేసిరో, ఎందరు బ్రతికిరో పోల్చి చూచుటయే న్యాయమైన తూకము.

లెక్క లేనిచో లోపము బయటపడదు. ఇంగ్లండునందు 2007లో వెలువడిన జాతీయ విచారణ, తాను పరిశీలించిన క్షతగాత్రులలో సగముకంటె నెక్కువమందికి తగిన చికిత్స లభింపలేదని తేల్చినది. పిమ్మట 2010లో లండనునందును, 2012లో ఇంగ్లండంతటను ప్రాంతీయ గాయచికిత్సా కేంద్రములు నెలకొనినవి. బ్రతుకు అవకాశములు మెరుగుపడినవని 2018లో ప్రచురితమైన పరిశీలన తెలిపినది. వ్రాసియుంచిన లెక్కలే యీ రెంటికిని సాక్ష్యము.

ఇక మన సంగతి. 2022లో దేశమున రోడ్డు ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరనియు, 4,43,366 మంది గాయపడిరనియు కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్పుచున్నది. ఈ రెండవ అంకెలోనివారు ఏడాది గడచిన పిమ్మట ఎట్లున్నారో ఆ నివేదిక చెప్పదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదున ఆరంభమైన 108 సేవ క్షతగాత్రుని ఆసుపత్రి గుమ్మమునకు చేర్చును. గుమ్మము దాటి తిరిగి వచ్చినవాడు ఇంటికి పోషకుడై, కాలు చెడి మంచమున నుండినచో, పొలము తాకట్టు పడును, పిల్లల చదువు ఆగును. ఆ కుటుంబ దృష్టిలో అది జయమా?

పెద్ద ఆసుపత్రులన్నిటికి ఒకే తీరు రిజిస్టరును, ఇల్లు చేరిన ప్రతివానికి ఏడాదికొక పలుకరింపును ఏర్పాటు చేయుట ప్రభుత్వములకు అసాధ్యము కాదు. ప్రాణము కాపాడుట సగము పనియే. తక్కిన సగమును కొలువనిదే దానిని చేయుచున్నామో లేదో తెలిసికొనజాలము.