చిన్నమ్మ చేతి సూది

మేముండేది మస్కట్‌లోని ఖురంలో. ఊరి నుంచి ఎవరొచ్చినా మొదటి సాయంత్రం బీచ్‌కు తీసుకెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ. నిరుడు మా చిన్నమ్మ వచ్చింది. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లు ఏఎన్‌ఎంగా చేసి రిటైరైన మనిషి. బీచ్ సంగతి తర్వాత గానీ, ఇక్కడ పిల్లలకు టీకాలు ఎట్లా వేస్తారో చూపించు బిడ్డా అంది.

ఆ మాట వినగానే నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఎందుకో చెప్పాలంటే 2019 మార్చికి వెళ్లాలి.

అప్పుడు మావాడికి ఆరో నెల. అన్నప్రాసనకు హైదరాబాద్ వెళ్లాం. రెండో నెల, నాలుగో నెల టీకాలు మస్కట్‌లో అయ్యాయి. మూడో విడత అక్కడే, చిన్నమ్మ పనిచేసే ఆరోగ్య కేంద్రంలో వేయించాలని ముందే అనుకున్నాం. ఆమె చేతిలో కొన్ని వేల మంది పిల్లలు ఏడ్చి ఊరుకున్నారు, మా వాడు కూడా ఆ లెక్కలో చేరాలని ఆమెకు ముచ్చట. సరిగ్గా ఆ వారంలోనే నాంపల్లి వార్త వచ్చింది. పెంటావాలెంట్ టీకా వేశాక జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్‌కు బదులు ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్ర పిల్లలకు ఇచ్చారు. ఇద్దరు పసికందులు చనిపోయారు. ఎంతోమందిని నిలోఫర్ ఆసుపత్రిలో చేర్చారు. టీవీల్లో ఆ తల్లుల ఏడుపు చూశాక, టీకా వద్దు, మస్కట్ వెళ్లాకే వేయిద్దాం అన్నాను.

చిన్నమ్మ టీ గ్లాసు కింద పెట్టి, “గోలీ మారింది గాని టీకా మారలేదు బిడ్డా. నా చెయ్యి మీద గూడ నీకు నమ్మకం లేదా?” అంది. నేను జవాబు చెప్పలేదు. ఆ వారం ఆమె కేంద్రానికి వచ్చిన తల్లులూ అదే అడిగి, కొందరు పిల్లల్ని ఎత్తుకుని వెనక్కి వెళ్లిపోయారట. బయటివాళ్లు వెళ్లడం వేరు, అక్క కొడుకు వెళ్లడం వేరు. మస్కట్ తిరిగొచ్చాక అదీ ఇదీ అంటూ మావాడి టీకా రెండు నెలలు ఆలస్యమైంది. ఇక్కడి నర్సు కోప్పడలేదు. మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పనిలేదు, ఆగిన చోటి నుంచే వేస్తామని చెప్పి వేసింది.

చిన్నమ్మ ఆ తర్వాత ఫోన్‌లో ఆ సంగతి ఎత్తలేదు. నిరుడు ఇక్కడికి వచ్చాకే, ఖురం బీచ్ గట్టు మీద కూర్చుని, 2016 జూన్ ముచ్చట చెప్పింది.

మన దేశంలో మూడు రకాల పోలియో వైరస్‌కూ పనిచేసే చుక్కల మందును 2016 ఏప్రిల్ 25న ఆపేశారు. రెండో రకం లోకంలోంచే పోయింది కాబట్టి, ఆ రకం లేని చుక్కలకు మారారు. కొద్ది వారాలకే హైదరాబాద్‌లో అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా నుంచి రూపు మార్చుకున్న రెండో రకం వైరస్ దొరికింది. ఏ బిడ్డకూ పోలియో రాలేదు. అయినా ఊరుకోలేరు, అట్లాగని ఆపేసిన చుక్కలు మళ్లీ వేయలేరు. మిగిలింది ఇంజెక్షన్ టీకా ఒక్కటే. అదేమో అప్పట్లో ప్రపంచమంతా కొరత. అందుకని మామూలు మోతాదు 0.5 మిల్లీలీటర్లకు బదులు 0.1, అంటే అయిదో వంతు, కండలోకి కాకుండా చర్మం పొరలోకి ఇచ్చారు. జూన్ 20 నుంచి వారం రోజుల్లో హైదరాబాద్, రంగారెడ్డి ప్రాంతాల్లో ఆరు వారాల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు 3 లక్షల మందికి పైగా వేశారు. అనుకున్న పిల్లల్లో దాదాపు 94 శాతం మందికి అందింది.

ఈ అంకెలు నేను తర్వాత చదువుకున్నవి. చిన్నమ్మ చెప్పింది వేరు. “మాకు బీసీజీ వెయ్యొస్తది. అదీ చర్మంలకే. అయినా మళ్ల కూసోబెట్టి సూది పట్టుడు నేర్పిన్రు. నాకైతే కోపమొచ్చింది, ఇరవై ఏండ్ల సంది ఏస్తున్న కదా అని.” సూది మొన వాలు పైకి ఉండాలి, చర్మానికి దాదాపు సమాంతరంగా పోవాలి, మందు వెళ్లినచోట కందిగింజంత బుడిపె లేవాలి. బుడిపె లేవలేదంటే మందు లోతుకు పోయినట్టే. “బీసీజీ పురిటి పిల్లలకు బిడ్డా, వాళ్లు కదలరు. రెండేండ్ల పోరడు తంతడు, కొరుకుతడు. వాని చేతుల గా సన్న సూది ఆపుడు వేరే విద్య. ఒకరు పట్టుడెట్ల, ఒకరు ఏసుడెట్ల అన్నది ఆ ట్రెయినింగులనే తెలిసింది.”

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటి ఉంది. ఆ అయిదో వంతు మోతాదు పనిచేస్తుందని చూపిన ముఖ్యమైన పరీక్షల్లో ఒకటి జరిగింది మేముంటున్న ఈ ఒమన్‌లోనే. ఇక్కడి ఆరోగ్య శాఖకు చెందిన డాక్టర్ అలీ జాఫర్ మొహమ్మద్, ఆయన సహచరులు 400 మంది శిశువుల మీద చేసిన అధ్యయనం 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రెండు, నాలుగు, ఆరు నెలల్లో మూడు చిన్న మోతాదులు తీసుకున్న పిల్లల్లో 95 శాతానికి పైగా మూడు రకాలకూ రక్షణ పొందారు. 1981లోనే టీకాల కార్యక్రమం మొదలుపెట్టి, చాలామంది పిల్లలకు చుక్కలు వేసి కూడా, 1988-89లో 118 పోలియో కేసులు చూసిన దేశం ఇది. పోలియో టీకా మీద ఇంత పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. అయితే ఒమన్ పరీక్షలో సూది లేకుండా చర్మంలోకి మందు చిమ్మే పరికరం వాడారు. హైదరాబాద్‌లో ఆ పని చేసింది మామూలు సిరంజి, దాన్ని పట్టుకున్న ఏఎన్‌ఎంల చెయ్యి. మస్కట్ పరిశోధనను అంబర్‌పేట బస్తీ దాకా మోసినవాళ్లలో మా చిన్నమ్మ ఒకతె అని నాకు మూడేళ్ల ముందే తెలిసి ఉంటే, ఆ రోజు టీ గ్లాసు ముందు ఏం మాట్లాడేవాడినో.

మా ఆఫీసులోనూ ఏటా ట్రెయినింగులు ఉంటాయి. తెర మీద ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోయి, చివర పది ప్రశ్నలకు జవాబులిచ్చి సర్టిఫికెట్ తీసుకుంటాం. మర్నాటికి ఒక్క ముక్క గుర్తుండదు. టీకాలు వేసేవాళ్లకు అట్లాంటి శిక్షణ ఇస్తే దండగ అని నా అభిప్రాయం. వాళ్ల ఉద్యోగకాలంలో మారినవి ఎన్నో చూడండి. ఉడకబెట్టి వాడే గాజు సిరంజిలు పోయి, రెండోసారి లాగితే కదలని సిరంజిలు వచ్చాయి. పెంటావాలెంట్ వచ్చింది. 2017 ఆగస్టులో తెలుగు రాష్ట్రాల్లో మీజిల్స్-రుబెల్లా వచ్చింది. రోటావైరస్ చుక్కలు, న్యుమోనియా టీకా వచ్చాయి. 2023 జనవరి నుంచి ఆ అయిదో వంతు పోలియో సూది తొమ్మిదో నెలలో మూడోసారి కూడా వేస్తున్నారు. పెంటా సీసా మూత తెరిచాక, నియమాలన్నీ పాటిస్తే, 28 రోజుల దాకా వాడొచ్చు. పొడిలో ద్రవం కలిపిన మీజిల్స్ టీకాను నాలుగు గంటలు దాటితే పారేయాలి. ఈ రెండూ ఒకే ఐసు డబ్బాలో పక్కపక్కనే ఉంటాయి. ఎన్నడో నేర్చుకున్న పాఠంతో ఈ రోజు సూది వేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

పొరపాటు ఎంత దూరం పోతుందో సమోవా చూపించింది. 2018 జూలైలో ఆ చిన్న ద్వీప దేశంలో ఎంఎంఆర్ టీకా పొడిలో నీటికి బదులు గడువు తీరిన మత్తుమందు కలిపారు. ఇద్దరు పసిబిడ్డలు చనిపోయారు. టీకాల కార్యక్రమం నెలల తరబడి ఆగింది, జనం భయపడిపోయారు. మరుసటి ఏడాది తట్టు వచ్చి 83 మందిని తీసుకుపోయింది, ఎక్కువమంది చిన్నపిల్లలే. నేనూ 2019లో భయపడిన తండ్రినే. అదృష్టం, మావాడి విషయంలో ఆ రెండు నెలల్లో ఏమీ కాలేదు.

చిన్నమ్మ కోరిక తీరే సందర్భం మా కింది ఫ్లాట్ గుంటూరు జంట పుణ్యమా అని దొరికింది. వాళ్ల పాపకు టీకా రోజు. నేను ఆఫీసులో గంట పర్మిషన్ పెట్టి అందరినీ కారెక్కించాను. పాప మొదటి టీకాలు గుంటూరులో అయ్యాయి. కార్డులో పొట్టి అక్షరాల్లో ‘ఎఫ్ఐపీవీ’ అని ఉన్నదేమిటని నర్సు అడిగింది. మలయాళీ అమ్మాయి. తల్లిదండ్రులకూ తెలియదు. చిన్నమ్మే తన చేతి మీద బుడిపె లేచినట్టు వేలితో చూపించి, “పోలియో, పోలియో” అంది. నేను ఇంగ్లీషులో వివరించాను. రెండు దేశాల మధ్య తిరిగే మనలాంటి వాళ్లకు ఇది తప్పదు. ఏ టీకా, ఏ తేదీ, ఎంత మోతాదు అన్నది అడిగి రాయించుకుని, కార్డు ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. “అన్నీ అయ్యాయండీ” అంటే ఏ దేశం నర్సుకూ సరిపోదు.

సీసా బయటికి తీయగానే చిన్నమ్మ కళ్లద్దాలు సవరించుకుంది. పోలియో చుక్కల సీసా మీద చిన్న వలయం, దాని లోపల ఒక చదరం ఉంటాయి. చదరం వలయం కంటే లేత రంగులో ఉంటే మందు వేడికి చెడలేదని అర్థం. రంగు కలిసిపోయినా, ముదిరినా పారేయాలి. నర్సు ఆమె చూపు గమనించినట్టుంది, ఏమీ అడగకుండానే సీసాను ఇటు తిప్పి పట్టుకుంది. తర్వాత సూదిమందు సీసా మీది పేరు, గడువు తేదీ తల్లికి వినపడేలా చదివి గానీ సిరంజిలోకి తీయలేదు. “మేమూ గంతే. నాంపల్లి అయినకాడి నుంచి గోలీ రేకు మీది పేరు గూడ సదివినాకనే తల్లి చేతుల పెడుతున్న” అంది చిన్నమ్మ నాతో మెల్లగా.

సూది అయ్యాక పాప ఆకాశం చిల్లులు పడేలా ఏడ్చింది. గుంటూరు అబ్బాయికి ఆఫీసు తొందర, కారు తాళాలు తీశాడు. చిన్నమ్మ కుర్చీలోంచి లేవలేదు. అర గంట ఇక్కడే కూర్చోవాలి, ఏదన్నా తేడా వస్తే మందు ఇక్కడుంటది గాని కారులో ఉండదు కదా అని నాతో చెప్పించింది. అతను తాళాలు జేబులో వేసుకున్నాడు. అందరం కూర్చున్నాం. పాప నిద్రపోయింది. చిన్నమ్మ గోడ గడియారం చూస్తూ, “నీ కొడుక్కి తర్వాతి టీకా ఎప్పుడు బిడ్డా?” అని అడిగింది. పదో ఏట ఒకటి ఉందన్నాను. అప్పుడు హైదరాబాద్‌లోనే వేయిద్దాం, నువ్వు పక్కన కూర్చో అన్నాను.

“నేను రిటైరైన గదరా” అంది నవ్వుతూ. “కూసుంట తియ్యి.”