శత్రువుల మధ్య హద్దురాయి



సారపాక నుండి మణుగూరు వెళ్ళే బస్సు ఎక్కినవారికి అశ్వాపురం కొత్త కాదు. అక్కడ గోదావరి చెంత ఎత్తైన ఉక్కు స్తంభాలు, గౌతమీనగర్ కాలనీ ఉన్నాయి. మనవారు "హెవీవాటర్" అని పిలిచే భారజల కర్మాగారం అదే. 1991 డిసెంబరులో అది పని ప్రారంభించింది. ఏడాదికి 185 టన్నుల భారజలం తీయగల సామర్థ్యం దానిది. అప్పుడది ఖమ్మం జిల్లా. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా.

ఆ డిసెంబరు గడిచి కొత్త సంవత్సరం వచ్చిన రోజే, అంటే 1992 జనవరి 1న, ఢిల్లీలోను ఇస్లామాబాదులోను ఒకేసారి రెండు జాబితాలు చేతులు మారాయి. మన అణు కేంద్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పాకిస్తానుకు మనం చెప్పాం. తమవి ఎక్కడున్నాయో వారు మనకు చెప్పారు. మూడు యుద్ధాలు చేసిన రెండు దేశాలు ఇలాంటి పని ఎందుకు చేశాయి? మన గోదావరి ఒడ్డుకు దానితో ఏమి సంబంధం?

ముందు భారజలం సంగతి చూద్దాం. మనం త్రాగే నీటిలోనే అది ఉంది. నీటిలోని హైడ్రోజన్ పరమాణువుల్లో దాదాపు ఏడు వేలకు ఒకటి మాత్రం బరువైన రకం. ఆ కొద్దిపాటినే ఏరి తీయాలి. నదీజలాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుతో వేడి స్తంభాల్లోను చల్లని స్తంభాల్లోను మళ్ళీ మళ్ళీ కలుపుతూ తీస్తారు. అందుకు కావలసిన ఆవిరి, కరెంటు బొగ్గుతో పుడతాయి. చివరికి వచ్చేది చూడటానికి మామూలు నీరే. దానికి అణుధార్మికత లేదు. కాని శుద్ధి చేయని సహజ యురేనియంతో నడిచే మన రియాక్టర్లకు అది ఉండాలి.

అదే రియాక్టరు దీపమూ వెలిగించగలదు, బాంబుకు కావలసిన ప్లుటోనియమూ ఇవ్వగలదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

1956లో ట్రాంబేలోని సైరస్ రియాక్టరుకు అమెరికా భారజలం ఇచ్చింది. రియాక్టరు కెనడా సహాయంతో కట్టింది. శాంతియుత అవసరాలకే వాడతామని మన దేశం మాట ఇచ్చింది. 1974 మే 18న పోఖ్రాన్‌లో జరిగిన పరీక్షకు ప్లుటోనియం ఆ రియాక్టరు నుండే వచ్చింది. అది శాంతియుత ప్రయోగమేనని మన ప్రభుత్వం చెప్పింది, ఇచ్చినవారు ఒప్పుకోలేదు. కెనడా సహాయం ఆపింది. అణు సరుకులు అమ్మే దేశాలు ఒక కూటమిగా చేరి కట్టుబాట్లు బిగించాయి. ఇక భారజలం మనమే తయారు చేసుకోక తప్పలేదు. గోదావరి నీరు, మణుగూరు బొగ్గు ఆ పనిలోకి వచ్చిన వెనుక కథ ఇది. 2006లో అమెరికాతో ఒప్పందం కోసం అణు కేంద్రాలను పౌర, సైనిక విభాగాలుగా విడదీసినప్పుడు పౌర అవసరాలకు చూపిన భారజల కర్మాగారాలు మూడు: థాల్, తూత్తుకుడి, హజీరా. వాటిలో మణుగూరు లేదు.

ఇప్పుడు ఆ జాబితాల సంగతి. 1981 జూన్‌లో ఇజ్రాయెల్ విమానాలు ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టరుపై బాంబులు వేశాయి. అటువంటిది తమకూ జరుగుతుందేమోనన్న భయం మన ఉపఖండంలోను పుట్టింది. ఎదుటివాడు ముందే కొడతాడేమోనని భయపడేవాడు తానే ముందు కొట్టాలని చూస్తాడు. యుద్ధం అలాగే అంటుకుంటుంది. అందుచేత 1988 డిసెంబరు 31న ఇస్లామాబాదులో, ప్రధానులు రాజీవ్ గాంధీ, బెనజీర్ భుట్టో సమక్షంలో ఒక ఒప్పందం కుదిరింది. ఒకరి అణు కేంద్రాలపై మరొకరు దాడి చేయకూడదు. ప్రతి జనవరి 1న వాటి చిరునామాలు అక్షాంశ రేఖాంశాలతో సహా తెలుపుకోవాలి. 1991 జనవరి 27న అది అమలులోకి వచ్చింది.

ఆదికాండము 31వ అధ్యాయం మనకు తెలిసినదే. లాబానుకు యాకోబు మీద నమ్మకం లేదు, యాకోబుకు లాబాను మీద అంతకన్నా లేదు. అయినా రాళ్ళు కుప్ప వేసి, కీడు చేయడానికి ఈ కుప్ప దాటి నీవు రాకూడదు, నేను రాకూడదు అని ఒట్టు పెట్టుకున్నారు. మిస్పా అన్న పేరును మనం ముద్దుగా పిల్లలకు పెట్టుకుంటాం గాని, అది పుట్టింది నమ్మకం లేని ఇద్దరి మధ్య. నమ్మకం ఉన్నచోట హద్దురాయితో పని ఏముంది? పొలం పంచుకున్న అన్నదమ్ములకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఆ రాయి నిలిచిందా? 1998 మేలో రెండు దేశాలూ బాంబులు పరీక్షించాయి. 1999లో కార్గిల్ యుద్ధం జరిగింది. 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడి జరిగి సేనలు సరిహద్దుకు కదిలాయి. ఆ తరువాత పందొమ్మిది రోజులకు, 2002 జనవరి 1న, జాబితాలు యథాప్రకారం చేతులు మారాయి. 2025 జనవరి 1న జరిగినది వరుసగా 34వసారి.

పెద్ద దేశాల ఒప్పందాలు కొన్ని ఇంతకాలం నిలవలేదు. రేగన్, గోర్బచేవ్ 1987లో సంతకం చేసిన మధ్యశ్రేణి క్షిపణుల ఒడంబడిక వలన 2,692 క్షిపణులు నాశనమయ్యాయి; 2019లో ఆ ఒడంబడికే లేకుండా పోయింది. అమెరికా, రష్యా ఒక్కొక్కటి మోహరించే వార్‌హెడ్లను 1,550కి పరిమితం చేసిన 2010 నాటి ఒడంబడిక గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరింది.

మన జాబితా బాంబులను ఒక్కటైనా తగ్గించదు. తనిఖీ చేసేవారు లేరు. ఏది ఎక్కడుందో చెబుతుంది గాని ఎన్ని ఉన్నాయో చెప్పదు. అయినా కోపం రగిలిన సంవత్సరంలో సైతం తప్పకుండా నెరవేర్చిన మాట అది. పెద్ద మాటలు నిలవాలంటే ముందు ఇలాంటి చిన్న మాటలు నిలవాలి.

వచ్చే జనవరి 1న నూతన సంవత్సర ఆరాధన ముగించుకొని ఇంటికి వెళ్ళాక, మరునాటి పత్రిక తిరగేయండి. ఏదో ఒక మూల నాలుగు వాక్యాల వార్త ఉంటుంది. పిల్లలకు అది చదివి వినిపించండి. అశ్వాపురం స్తంభాలను చూపించి, ఈ నీటికీ ఆ మాటకూ ఉన్న సంబంధం చెప్పండి. ఆ రాయి కదలకూడదని ప్రార్థన చేయండి.